నెలసరి నొప్పి, ఫైబ్రాయిడ్, పీసీఓఎస్: చైనా మూలికల మందులు ఎవరైనా వాడారా?

మల్లెతీగ (సింగపూర్)

అందరికీ నమస్కారం. నాకు 33 ఏళ్లు. పిల్లల కోసం చూస్తున్నాం. నెలసరి మొదటి రెండు రోజులూ మంచం దిగలేనంత నొప్పి, గడ్డలు గడ్డలుగా పోతుంది. ఈమధ్య స్కాన్‌లో గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, ఉందన్నారు. డాక్టర్ ఐరన్, ఫోలిక్ యాసిడ్ రాసి, కొన్ని నెలలాగి మళ్లీ స్కాన్ చేద్దామన్నారు.

మా ఆఫీసులో నాతో పనిచేసే చైనీస్ అక్క ఊరుకోలేదు. తను ఎప్పుడూ వెళ్లే మూలికల షాపుకి తీసుకెళ్లింది. వెనక గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులే. అక్కడి వైద్యుడు రెండు చేతులకీ మూడేసి వేళ్లు ఆనించి చాలాసేపు నాడి చూశారు, నాలుక చాపమన్నారు. ఆయన అడిగిన ప్రశ్నలు ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. రక్తం ముదురుగా ఉంటుందా, పలచగా ఉంటుందా? వేడినీళ్ల సంచి పెట్టుకుంటే నొప్పి తగ్గుతుందా? పొట్ట నొక్కితే హాయిగా ఉంటుందా, నొప్పి ఇంకా పెరుగుతుందా? రాత్రిపూట పాదాలు చల్లబడతాయా? అన్నీ అడిగి, సొరుగుల్లోంచి ఏవేవో తీసి తూచి, కాగితం పొట్లాలు కట్టి ఇచ్చారు. పొట్లం విప్పితే కొత్తిమీర వేరు లాంటి ఘాటైన వాసన.

ఇంకా తాగలేదు. మా ఆయన వద్దంటున్నారు, అమ్మేమో అశోకారిష్టం పంపిస్తానంటోంది. నాకు ఒకటే టెన్షన్. ఇందులో ఏముంటుంది, నిజంగా పనిచేస్తుందా, ఐరన్ మాత్రలతో పాటు తాగొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


ఒసాకా_అమ్మాయి (జపాన్)

మల్లెతీగ గారూ, ఇదే వైద్యాన్ని జపాన్‌లో కాంపో అంటారు. ఎప్పుడో చైనా నుంచి వచ్చింది, ఇక్కడివాళ్లు తమకు తగ్గట్టు మార్చుకున్నారు. ఇక్కడ దీన్ని రాసేది మామూలు డాక్టర్లే. నాకు ఆసుపత్రిలో గైనకాలజిస్టే రాసింది, అదీ స్కాన్, రక్తపరీక్షలు చూశాక. 148 కాంపో మందులకి ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తిస్తుంది. కషాయం కాచుకునే పని లేదు, పొడి ప్యాకెట్లు ఇస్తారు. ప్యాకెట్ మీద మందు పేరుతో పాటు ఒక నంబర్ ఉంటుంది, అందరూ నంబర్‌తోనే గుర్తుపెట్టుకుంటారు.

ఆడవాళ్ల సమస్యల్లో ఎక్కువగా వినపడేవి 23, 24, 25. సన్నగా, పాలిపోయి, చేతులూ కాళ్లూ చల్లగా, ఒంటికి నీరు పట్టే తత్వం ఉన్నవాళ్లకి 23. కాస్త దిటవుగా ఉండి, ముఖంలోకి వేడి కొట్టి, కింది పొట్ట నొక్కితే నొప్పి అనేవాళ్లకి 25. నెలసరి ముందు చిరాకు, మెనోపాజ్‌లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఉంటే 24. నొప్పి అందరిదీ ఒకటే అయినా మనిషిని బట్టి మందు మారుతుంది. మీ వైద్యుడు పాదాల చల్లదనం గురించి అడిగింది అందుకే.

నాకు 23 ఇచ్చారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు ఒక్క పెయిన్‌కిల్లర్‌తో ఆఫీసుకి వెళ్లగలుగుతున్నాను. అదంతా ఆ పొడి మహిమే అని చెప్పలేను, అదే సమయంలో రోజూ నడవడం కూడా మొదలుపెట్టాను. 23 మీద 1997లో జపాన్‌లో 40 మందితో ఒక ప్రయోగం చేశారు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తి పొడి ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకీ తెలియకుండా చేసిన ప్రయోగం అది. అసలు మందు తీసుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా తగ్గింది. చిన్న ప్రయోగమే, కానీ పద్ధతిగా చేశారు.

24 వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదవండి. అందులో గార్డీనియా కాయ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లలో కొందరికి పెద్దపేగు దగ్గరి సిరలు గట్టిపడినట్టు ఇక్కడ గుర్తించారు. మూలికే కదా అని జీవితాంతం వాడేసే మందు కాదు.


సీమ_సిరి (కడప)

నాకు ఒకటే భయమండీ. మూలికల్లో సీసం, పాదరసం ఉంటాయంటారు కదా. పిల్లల కోసం చూస్తున్న మనిషి అవి తాగితే ఎలా? మీ ఆయన చెప్పింది నిజమే అనిపిస్తోంది నాకు.


గైనిక్_విజయవాడ

నేను గైనకాలజిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా ఓపీ చూస్తున్నాను. వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఫైబ్రాయిడ్ సంగతి. అది ఎంతుందన్నదాని కంటే ఎక్కడుందన్నది ముఖ్యం. గర్భసంచి బయటి గోడ మీద 4 సెంటీమీటర్లది ఉన్నా చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. లోపలి పొరలోకి పొడుచుకొచ్చింది 1 సెంటీమీటరే ఉన్నా రక్తం బాగా పోతుంది, గర్భం నిలవడం కష్టమవుతుంది. మల్లెతీగా, మీ రిపోర్టులో అది ఏ పొరలో ఉందో రాసి ఉంటుంది, చూడండి. రాయకపోతే మీ డాక్టర్‌ని అడగండి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే. కషాయం తాగాలా వద్దా అన్నది ఆ తర్వాత.

ఇక పనిచేస్తుందా అన్న ప్రశ్న. ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నిటినీ ఒకచోట పెట్టి జల్లెడ పట్టే కాక్రేన్ అనే సంస్థ ఉంది. నెలసరి నొప్పికి చైనా మూలికల మీద 39 ప్రయోగాలు, దాదాపు 3,500 మంది ఆడవాళ్ల వివరాలు 2008లో పరిశీలించారు. నొప్పి తగ్గే సూచనలు బాగానే ఉన్నాయి గానీ చాలా ప్రయోగాలు సరిగ్గా చేయలేదు, అందుకని గట్టిగా చెప్పలేం అన్నారు. ఫైబ్రాయిడ్ల మీద 2013లో 21 ప్రయోగాలు చూసి, వాడమని చెప్పడానికి ఆధారం చాలదన్నారు. అందుకని నా మాట ఇది: నొప్పికి కొంత ఆశ పెట్టుకోవచ్చు, ఫైబ్రాయిడ్ కరిగిపోతుందని మాత్రం పెట్టుకోవద్దు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మూలిక కాదు, ఆలస్యం. చైనాది కానివ్వండి, మన ఊరి పొడి కానివ్వండి, "ఇది వాడుతున్నాం కదా, చూద్దాం" అని ఏడాది గడిపేసి హిమోగ్లోబిన్ 6కి పడిపోయాక వస్తారు. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, మెనోపాజ్ అయ్యాక ఒక్క చుక్క రక్తం కనపడినా, కలయికలో నొప్పి ఉన్నా, నెలసరి నొప్పి ఏటేటా పెరుగుతున్నా ముందు పరీక్ష చేయించుకోవాలి. ఎండోమెట్రియోసిస్‌ని (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) అందరూ మామూలు నొప్పి అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు.

సీమ_సిరి గారి భయం న్యాయమైనదే. ఆన్‌లైన్‌లో ఎవరు చేశారో తెలియని మాత్రలకి అది పూర్తిగా వర్తిస్తుంది. సింగపూర్‌లో మాత్రం డబ్బాల్లో అమ్మే చైనా మందుల్ని ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు చేయాలి, అలాంటి లోహాలకి హద్దులున్నాయి. వైద్యులు కూడా 2000లో వచ్చిన చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. మీ వైద్యుడి పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.


నాన్జింగ్_బ్యాచ్

డాక్టర్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను చైనాలో ఎంబీబీఎస్ చేశాను, ఇప్పుడు ఖమ్మంలో ప్రాక్టీసు. అక్కడ చూసింది ఒకటి చెప్పాలి. పెద్ద ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ గదీ, మూలికల ఫార్మసీ ఒకే కప్పు కింద ఉంటాయి. ఫైబ్రాయిడ్ ఉన్న ఆవిడకి పొద్దున స్కాన్ అవుతుంది, మధ్యాహ్నం మూలికల వైద్యురాలు నాడి చూసి చీటీ రాస్తుంది. చాలామంది ఇంట్లో కాచుకోరు కూడా. ఆసుపత్రి ఫార్మసీవాళ్లే పెద్ద యంత్రాల్లో కాచి, పాల ప్యాకెట్ల లాంటి వాటిలో సీలు వేసి ఇస్తారు. ఇంటికెళ్లి వేడినీళ్లలో పెట్టి తాగడమే. మా హాస్టల్ ఫ్రిజ్ నిండా చైనా అమ్మాయిల నల్లటి ప్యాకెట్లే ఉండేవి.

ఫైబ్రాయిడ్లకి అక్కడ ఎక్కువగా రాసేది గుయ్ జి ఫు లింగ్. జపాన్ అక్క చెప్పిన 25 నంబరు ఇదే. దాల్చిన జాతి కొమ్మ, పైన్ చెట్ల వేళ్లకి పట్టే ఒక రకం శిలీంధ్రం, పియనీ వేరు, చెట్టు పియనీ వేరు బెరడు, పీచ్ గింజ పప్పు, మొత్తం ఐదు. దీన్ని రాసిపెట్టినాయన జాంగ్ జోంగ్‌జింగ్, హాన్ వంశం చివరి రోజుల్లో, అంటే దాదాపు 1,800 ఏళ్ల కిందటి వైద్యుడు. ఆడవాళ్ల పొట్టలో గడ్డ ఉండి రక్తం కారుతుంటే తేనెతో కలిపి కుందేలు పెంటికంత మాత్ర చేసి రోజుకొకటి భోజనానికి ముందు ఇవ్వమని, గుణం కనపడకపోతే మూడు దాకా పెంచమని రాశాడు. ఇంత కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచమన్న ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. ఇవాళ గుప్పెడు మాత్రలు మింగేవాళ్లు అది చదవాలి.

ఇంకో మాట. ఈ వైద్యంలో ఆడవాళ్ల జబ్బుల్ని ఎప్పుడూ పక్కకి నెట్టలేదు. టాంగ్ కాలంలో సున్ సిమియావ్ తన పెద్ద గ్రంథంలో ఆడవాళ్ల మందుల్నే ముందు పెట్టాడు. 1511లో తాన్ యున్‌షియాన్ అనే వైద్యురాలు తను చూసిన 31 కేసులు పుస్తకంగా రాసింది. వైద్యం ఆమెకి నేర్పింది నాయనమ్మ. మగ వైద్యుడికి చెప్పుకోలేని ఆడవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. గర్భస్రావాలు, ఆగని రక్తస్రావం, చాకిరీతో చితికిపోయిన ఒళ్లు, అన్నీ ఆ కేసుల్లో ఉంటాయి.


మల్లెతీగ (సింగపూర్)

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. వైద్యుడి పేరు జాబితాలో చూశాను, ఉంది. షాపుకి ఫోన్ చేసి పొట్లంలో ఏమున్నాయో చెప్పమంటే ఏమాత్రం విసుక్కోకుండా చెప్పారు: డాంగ్ గుయ్, షు ది, బై షావ్, చువాన్ షియోంగ్, వీటికి తోడు షియాంగ్ ఫు, యాన్ హు సువో, ఆయ్ యె. నెలసరి నడుస్తున్నప్పుడు తాగొద్దు, అయిపోయాక మొదలుపెట్టమన్నారు. ఇవేమిటో ఎవరైనా చెప్పగలరా?


వనమూలిక (తిరుపతి)

నేను ఆయుర్వేద డాక్టర్ని, బీఏఎంఎస్. ఈ జాబితా చూడగానే ఉత్సాహం వచ్చింది, ఎందుకంటే ఇందులో మనకి తెలిసినవాళ్లున్నారు.

మొదటి నాలుగూ కలిపితే సి వు టాంగ్. చైనాలో ఆడవాళ్ల కషాయాలన్నిటికీ అదే పునాది. సోంగ్ వంశం కాలంలో ప్రభుత్వమే మందుల షాపులు పెట్టి, వాటికి ఒక యోగాల గ్రంథం వేసింది. సి వు టాంగ్ అందులోకెక్కింది. డాంగ్ గుయ్ మన కొత్తిమీర, క్యారెట్ కుటుంబానిదే, అందుకే మీకు ఆ వాసన. ఎక్కువగా గాన్సు రాష్ట్రంలో మిన్ కౌంటీ కొండల్లో పండుతుంది. 1899లోనే జర్మనీ కంపెనీ మెర్క్ దాని సారాన్ని యుమెనాల్ అనే పేరుతో నెలసరి సమస్యలకి అమ్మింది. షు ది అనేది రెమానియా వేరు. మద్యంతో కలిపి మళ్లీ మళ్లీ ఆవిరి పట్టి ఎండబెడితే జిగటగా, తారులా నల్లగా అవుతుంది, తింటే తియ్యగా ఉంటుంది. బై షావ్ తెల్ల పియనీ వేరు. కండరాల పట్టు వదిలించడానికి వాడతారు. చువాన్ షియోంగ్ సిచువాన్ నుంచి వస్తుంది, రక్తాన్ని కదిలిస్తుందంటారు, అంటే బాగా పారేలా చేస్తుందని.

షియాంగ్ ఫు ఏమిటో తెలుసా? మన తుంగముస్తలు! వరి చేలల్లో రైతులు తిట్టుకుంటూ పీకి పారేసే తుంగ గడ్డలే. ఆయుర్వేదంలో ముస్త అని జ్వరానికీ, విరేచనాలకీ వాడతాం. 16వ శతాబ్దపు మూలికల పండితుడు లీ షిజెన్ దాన్ని ఆడవాళ్ల వైద్యానికి సేనాధిపతి అన్నాడు. ఆయ్ యె మన మాచిపత్రి జాతిదే, వేరే రకం. వినాయకచవితి పూజలో 21 పత్రుల్లో మొదట చదివేది మాచీపత్రమే కదా. చైనాలో వాళ్లు ఐదో నెల ఐదో తిథి పండక్కి దాన్ని గుమ్మానికి కడతారు. పొట్టలో చలువ చేసి వచ్చే నొప్పికి కషాయంలో వేస్తారు.

ఒక్క యాన్ హు సువో దగ్గర ఆగుతాను. నొప్పికి బాగా పనిచేస్తుందని పేరు. అందులోని పదార్థంతో చేసిన మాత్రలు వాడి కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మీకు కాలేయ సమస్య ఏదైనా ఉంటే అది తీసేయమనండి.

ఇక మన వైపు చూసుకోవలసిన సంగతి ఒకటుంది, ఇది అందరికీ చెబుతున్నాను. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి క్లినిక్‌కి వెళ్లిన ఆడవాళ్లకి చైనా మూలిక ఒకటి కలిపి ఇచ్చారు. ఇవ్వాల్సింది ఫాంగ్ జి. దాని బదులు గువాంగ్ ఫాంగ్ జి అనే మరో మొక్క వచ్చి పడింది. అది అరిస్టోలోకియా జాతి. వంద మందికి పైగా కిడ్నీలు పోగొట్టుకున్నారు లేదా తీవ్రంగా దెబ్బతిన్నాయి. తర్వాత, ముందుజాగ్రత్తగా కిడ్నీలు తీయించుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనపడింది. ఆ అరిస్టోలోకియా మన ఊళ్లలోనూ ఉంది. మన ఈశ్వరి వేరు అదే, గాడిదగడపాకు అదే. ఈశ్వరి వేరుని ఆగిపోయిన నెలసరి రప్పించడానికి నూరి తాగించే అలవాటు పల్లెల్లో ఉంది. దయచేసి మానండి, తెలిసినవాళ్ల చేత మాన్పించండి. కిడ్నీ దెబ్బతిన్నది బయటపడేసరికి చేయగలిగింది పెద్దగా మిగలదు.


గైనిక్_విజయవాడ

వనమూలిక గారూ, ఈశ్వరి వేరు గురించి రాసినందుకు చేతులెత్తి నమస్కారం. ఈ ముక్క ఎక్కడెక్కడ చెప్పగలిగితే అక్కడ చెప్పాలి.

మల్లెతీగ లిస్టు మీద నేను కలిపేవి ఇవి. డాంగ్ గుయ్ రక్తం పలచబడే మందులతో పడదు. అమెరికాలో గుండె సమస్యకి వార్ఫరిన్ వాడుతున్న 46 ఏళ్ల ఆవిడ డాంగ్ గుయ్ మాత్రలు మొదలుపెట్టాక ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే లెక్క) 4.9కి, అంటే ఉండాల్సిన దానికంటే బాగా పైకి, చేరింది. ఆపాక దిగింది. గుండె కవాటం మార్చినవాళ్లు, రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు, త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు కూడా. ఐరన్ మాత్రకీ, ఏ కషాయానికైనా కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం గర్భం. మీరు పిల్లల కోసం చూస్తున్నారు, అంటే అండం విడుదలైన తర్వాత ఏ రోజైనా మీరు అప్పటికే గర్భవతి అయి ఉండవచ్చు, ఆ సంగతి మీకింకా తెలియకపోవచ్చు. రక్తాన్ని కదిలించే మూలికలు ఆ రెండు వారాల్లో వద్దు. నిజానికి ఈ మాట చైనా వైద్యులే చెబుతారు. మీ వైద్యుడికి పిల్లల కోసం చూస్తున్న సంగతి చెప్పారా?

మెనోపాజ్ ఆవిర్లకి డాంగ్ గుయ్ మాత్రలు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అదీ చెబుతాను. 1997లో అమెరికాలో 71 మంది మీద 24 వారాలు ప్రయోగం చేశారు. ఉత్తి మాత్రకీ దీనికీ తేడా కనపడలేదు. ఒక్క డాంగ్ గుయ్‌నే విడిగా ఇవ్వడం మా పద్ధతి కాదని చైనా వైద్యులు అన్నారు, అది ఒప్పుకోవలసిన మాటే. కానీ షాపుల్లో అమ్మేది మాత్రం ఆ ఒక్కటే కదా.


ఓరుగల్లు_అక్క (వరంగల్)

నాది వేరే బాధ డాక్టర్ గారూ. మా బిడ్డకి 24 ఏళ్లు, పీసీఓఎస్, అదే అండాశయాల్లో నీటిబుడగల సమస్య. మూడు నాలుగు నెలలకోసారి గానీ రాదు. యూట్యూబ్‌లో ఎవరో బెర్బెరిన్ అని చైనా మందు, షుగర్ కూడా తగ్గిస్తది, పిల్లలు కూడా అవుతరు అని చెప్తే తెప్పించుకుంది. ఇంకోటి, గర్భసంచి శుభ్రం చేసే ఉండలట, దారం కట్టి ఉంటాయి, లోపల పెట్టుకోవాలంట. అదీ ఆర్డర్ పెట్టింది. నాకైతే మస్తు భయమైతుంది. వచ్చే ఏడు పెళ్లి చేద్దామనుకుంటున్నం.


గైనిక్_విజయవాడ

అక్కా, ముందు ఆ ఉండలు చెత్తబుట్టలో వేయించండి. ఇవాళే. గర్భసంచి తనని తానే శుభ్రం చేసుకుంటుంది. బయటి నుంచి దానికి ఏదీ అక్కర్లేదు. మూలికల పొడిని గుడ్డలో కట్టి యోనిలో మూడు రోజులు ఉంచుకుంటే లోపలి పొర ఒరిసిపోతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. పొర ఊడి వస్తే "మలినం బయటికొచ్చింది" అని అమ్మేవాళ్లు నమ్మిస్తారు. సంప్రదాయ వైద్యం పేరు పెట్టుకుని జరుగుతున్న వ్యాపారం అది.

బెర్బెరిన్ సంగతి వేరు. దాని వెనక నిజమైన పరిశోధన ఉంది. చైనాలో కాప్టిస్ అనే చేదు వేరు నుంచి వస్తుంది. మన మానుపసుపులోనూ అదే ఉంటుంది, అందుకే ఆ పసుపు రంగు. ఇన్సులిన్ పనితీరు కొంత మెరుగుపరుస్తుంది. కానీ పిల్లలు పుట్టే విషయంలో చైనా పరిశోధకులే 644 మంది పీసీఓఎస్ ఆడవాళ్ల మీద ప్రయోగం చేసి 2016లో ప్రచురించారు. మామూలుగా అండం విడుదలకి మేమిచ్చే లెట్రోజోల్‌తో 36 శాతం మందికి పిల్లలు పుట్టారు, బెర్బెరిన్ ఒక్కటే వాడితే 22 శాతం, రెండూ కలిపితే 34. అంటే లెట్రోజోల్‌కి ఇది తోడై ఒరగబెట్టిందేమీ లేదు.

గర్భం వచ్చిందని అనుమానం రాగానే బెర్బెరిన్ ఆపాలి. పుట్టిన బిడ్డల్లో కామెర్లు పెరుగుతాయని సింగపూర్‌లో 1978లో నిషేధించారు కూడా. చాలా ఏళ్ల తర్వాత సడలించారు గానీ గర్భిణులకీ, బాలింతలకీ ఇప్పటికీ నేను వద్దనే అంటాను. మీ అమ్మాయికి మూడు నాలుగు నెలలు రావడం లేదంటే గర్భసంచి లోపలి పొర మందమవుతూ ఉంటుంది. ఆ సంగతి చూడాలి. బెర్బెరిన్ ఆ పని చేయదు.


నాన్జింగ్_బ్యాచ్

ఆ ప్రయోగం వెనకున్న పెద్దాయన హార్బిన్‌లో చైనా సంప్రదాయ వైద్య విశ్వవిద్యాలయంలో అప్పుడు పనిచేసిన గైనకాలజిస్టు. అదే బృందం 2017లో వెయ్యిమంది పీసీఓఎస్ ఆడవాళ్ల మీద ఆక్యుపంక్చర్ పరీక్షించింది. అండం విడుదలకిచ్చే క్లోమిఫీన్ అనే మందుతో పాటు నిజం సూదులు పెడితే 29.4 శాతం మందికి, ఉత్తుత్తి సూదులు పెడితే 28 శాతం మందికి పిల్లలు పుట్టారు. అంటే సూదుల వల్ల లాభం లేదని తేలింది. తాము నమ్మిన వైద్యాన్నే ఇంత కఠినంగా పరీక్షించి, ఫలితం వ్యతిరేకంగా వచ్చినా బయటపెట్టారు. ఈ వైద్యాన్ని గౌరవించడమంటే నాకు ఇదే.


గుంటూరు_గోంగూర

ఇక్కడ ఒకరు గాడిదగడపాకు అన్నారు, నేను గాడిద గురించే చెప్పాలి. ఆడవాళ్ల రక్తహీనతకి, గర్భం నిలవడానికి చైనాలో ఎజియావో అని అమ్ముతారు. గాడిద తోలు ఉడకబెట్టి చేసిన జిగురు అది. షాన్‌డాంగ్‌లో డోంగ్ఎ అనే ఊరు దానికి ప్రసిద్ధి. ఒకప్పుడు రాజుల ఇళ్లలో వాడేది, ఇప్పుడు డబ్బున్న ప్రతి ఇంట్లో. చైనాలో గాడిదలు చాలక ఆఫ్రికా నుంచి తోళ్లు తెప్పించడం మొదలైంది. నీళ్లు మోసే గాడిద పోతే ఆ ఇంటి ఆడవాళ్లే నెత్తిన మోయాలి. చివరికి 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాలు 15 ఏళ్ల పాటు గాడిద తోళ్ల వ్యాపారం ఆపాలని తీర్మానించాయి.

మన దేశంలో 2019 పశుగణనలో గాడిదలు 1.2 లక్షలే. అంతకు ముందు లెక్క కంటే 61 శాతం తక్కువ. ఇటుకబట్టీల్లో, చాకిరేవుల్లో పని తగ్గడం ఒక కారణం, మన వైపు దొంగచాటుగా మాంసం అమ్మడం ఇంకో కారణం. రక్తహీనతకి ఐరన్ మాత్ర ఉండగా ఇంకో దేశపు పేదింటి గాడిద చావాలా అని నా బాధ. మల్లెతీగ గారూ, మీ పొట్లంలో అది లేదు, సంతోషం.


సీమ_సిరి (కడప)

శాకాహారులు ఇంకో పేరు కూడా గుర్తుపెట్టుకోండి. బై ఫెంగ్ వాన్ అని నెలసరి మాత్రలు చాలా దేశాల్లో దొరుకుతాయి. మా ఆడపడుచు మలేషియా నుంచి తెచ్చింది. అందులో నల్ల ఎముకల కోడి ఉంటుందని తర్వాత తెలిసింది. లేబుల్ చదవకుండా పూజల ఇంట్లోకి తేకండి.


మల్లెతీగ (సింగపూర్)

అప్‌డేట్. రిపోర్ట్ మళ్లీ తీసి చూశాను, ఫైబ్రాయిడ్ ఏ పొరలో ఉందో రాయలేదు. డాక్టర్‌కి మెసేజ్ పెడితే వచ్చే వారం వేరే స్కాన్ రాశారు. మూలికల వైద్యుడికి పిల్లల సంగతి చెప్పాను. ఆయన వెంటనే చీటీ మార్చారు. యాన్ హు సువో తీసేశారు, అండం విడుదలయ్యే రోజు దాకానే తాగమన్నారు, స్కాన్ అయ్యాక రిపోర్ట్ తెమ్మన్నారు. ఆ చీటీ ఫొటో తీసి గైనకాలజిస్టుకి పంపాను, ఆవిడ నా ఫైల్లో పెట్టుకున్నారు. మా ఆయనకి ఈ చర్చంతా చదివి వినిపించాను. స్కాన్ దాకా ఆగుదామని ఇద్దరం అనుకున్నాం.


ఓరుగల్లు_అక్క (వరంగల్)

ఉండలు పారేసినం డాక్టర్ గారూ. శుక్రవారం హన్మకొండల గైనిక్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నం. బెర్బెరిన్ సీసా కూడా సంచిలో పెట్టుకొని పోతం.


పెనాంగ్_పద్మజ (మలేషియా)

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నాకిప్పుడు 33వ వారం, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. ఇక్కడ ఒక చైనీస్ మంత్రసాని మాచిపత్రి కడ్డీ వెలిగించి కాలి చిటికెన వేలి గోరు పక్కన సెగ పెడితే బిడ్డ తిరుగుతుందంటోంది. కషాయం కాదు కదా, ప్రమాదం లేదు అంటోంది. ప్రసవం అయ్యాక తాగాలని డాంగ్ గుయ్, వేయించిన అల్లం, పీచ్ గింజలతో కషాయం కూడా చెప్పింది. అమ్మేమో కాయం చేసి తెస్తోంది. రెండూ తీసుకోవచ్చా?


గైనిక్_విజయవాడ

పద్మజా, ఆ సెగ గురించి 1998లో ఒక ప్రయోగం పేరున్న పత్రికలో వచ్చింది. చైనాలో జియాంగ్‌షి రాష్ట్రంలో తొలిచూలు గర్భిణులు 260 మంది. 35వ వారానికి సెగ పెట్టినవాళ్లలో 75 శాతం మంది బిడ్డలు తల కిందికి తిరిగారు, పెట్టనివాళ్లలో 48 శాతం. తర్వాత అదే బృందం ఇటలీలో చేయబోతే పొగ వాసన పడక, ఇతర ఇబ్బందులతో చాలామంది మానేశారు, మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. కాబట్టి తప్పకుండా తిరుగుతుందని చెప్పలేను, చేయించుకోవద్దనీ అనను. మీ డాక్టర్‌కి చెప్పి, కిటికీ తెరిచి, ఉబ్బసం లేకపోతే చేయించుకోండి. చర్మానికి తగలకూడదు. మాయ కిందికి ఉన్నా, రక్తం కనపడినా, కవలలైనా వద్దు. 33 వారాలకి చాలామంది బిడ్డలు ఇంకా వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. 36లో స్కాన్ చేయించండి. అప్పటికీ తిరగకపోతే, పొట్ట మీద చేత్తో బిడ్డని తిప్పే పద్ధతి మీ ఆసుపత్రిలో ఉందేమో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ప్రసవం తర్వాతి కషాయం రక్తాన్ని కదిలించేదే. సిజేరియన్ అయినా, రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, రక్తం గడ్డకట్టకుండా సూదులు వేస్తున్నా అది తాగకండి. అమ్మ తెచ్చే కాయం శొంఠి, మిరియాలు, బెల్లం, నెయ్యి, అంతేగా? డెలివరీ అయ్యి ఆకలి మొదలయ్యాక చెంచాడు తినండి. రెండూ ఒకే వారంలో మొదలుపెట్టొద్దు. పాపకి దద్దురు వచ్చినా, విరేచనాలైనా దేనివల్లో తెలియాలి కదా.


పెనాంగ్_పద్మజ (మలేషియా)

మాయ పైకే ఉందన్నారు డాక్టర్ గారూ, ఉబ్బసం లేదు. సోమవారం చెకప్ ఉంది, సెగ సంగతి, బిడ్డని చేత్తో తిప్పే సంగతి రెండూ అడుగుతాను. 36వ వారం స్కాన్ అయ్యాక ఇక్కడే రాస్తాను.